కొత్త హెడ్‌ఫోన్‌కు బర్న్-ఇన్: ముందు చెకింగ్, ఆ తర్వాతే గంటల లెక్క

ఖరీదైన హెడ్‌ఫోన్ కొన్నవాళ్లు మొదటి వారంలో అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "బాక్స్ తెరిచి పెట్టుకుంటే అనుకున్నంత గొప్పగా లేదు. వంద గంటలు బర్న్-ఇన్ చేయమంటున్నారు, రెండొందలు అనేవాళ్లూ ఉన్నారు. ఎలా చేయాలి? చేయకపోతే పాడవుతుందా?"

పాడవదు. బర్న్-ఇన్ అంటే సౌండ్ మెరుగవుతుందని కొత్త హెడ్‌ఫోన్‌ను గంటల తరబడి ఊరికే వాయించడం. చేయాలనిపిస్తే చేసుకోవచ్చు, పద్ధతి కింద రాశాను. కానీ దానికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. చాలామంది వదిలేసేది అదే. ఒక కప్పులో గరగర వస్తున్నా, ఒకవైపు సౌండ్ తక్కువగా ఉన్నా, "ఇంకా బర్న్-ఇన్ కాలేదులే, సర్దుకుంటుంది" అని ఊరుకుంటారు. ఈలోపు రిటర్న్ గడువు కాస్తా అయిపోతుంది. లోపమున్న డ్రైవర్ (కప్పు లోపల సౌండ్ పుట్టించే భాగం) వెయ్యి గంటలు వాయించినా బాగుపడదు. అందుకే ఇక్కడ సగానికి సగం చెకింగ్ గురించే ఉంటుంది.

ఉదాహరణగా సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ను తీసుకుంటున్నాను. 1997లో వచ్చిన మోడల్. 300 ఓమ్స్ (కరెంటుకు అడ్డు ఎంతో చెప్పే కొలత), వెనక జాలీ ఉండే ఓపెన్-బ్యాక్, ఊడదీసి మార్చుకోగల ప్యాడ్లు, కేబుల్. కొత్తలో తలను గట్టిగా పట్టేస్తుందని దీనికి పేరు, కాబట్టి మన పనికి బాగా సరిపోతుంది. మీది వేరే మోడలైనా వరస ఇదే. తేడా వచ్చేచోట చెప్తాను.

అసలు మారేది ఏమిటి

కొంచెమే చెప్తాను. స్పీకర్ల వూఫర్‌లో కోన్ వెనక స్పైడర్ అనే ముడతల గుడ్డ ఉంటుంది. అది కొత్తలో బిగుసుగా ఉండి వాడేకొద్దీ కాస్త వదులవుతుంది. ఆ మార్పు కొలిస్తే తెలుస్తుంది కూడా. బర్న్-ఇన్ అన్న మాటకు ఉన్న బలమంతా అక్కడిదే. హెడ్‌ఫోన్ డ్రైవర్లలో చాలావాటికి ఆ స్పైడరే ఉండదు. పల్చటి ప్లాస్టిక్ పొర, దానికి అంటించిన కాయిల్, అంతే. మారడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. ఇన్నర్‌ఫిడెలిటీ సైటు నడిపిన టిల్ హెర్ట్‌సెన్స్ కొత్త ఏకేజీ క్యూ701 హెడ్‌ఫోన్‌ను వాయిస్తూ మధ్యమధ్యలో కొలిచి చూశాడు. దొరికిన తేడాలు చాలా చిన్నవి. హెడ్‌ఫోన్‌ను తీసి మళ్లీ పెట్టుకుంటే, చెవి మీద అది కూర్చునే చోటు కాస్త జరిగినా, పై స్వరాల్లో అంతకంటే పెద్ద తేడా వస్తుంది.

నిజంగా మారేవి రెండు. ఒకటి ప్యాడ్లు, హెడ్‌బ్యాండ్. కొత్త చెప్పులు కరిచినట్టే ఇవీ కొత్తలో కరుస్తాయి. ప్యాడ్ లోపలి ఫోమ్ మెత్తబడి అణిగేకొద్దీ చెవికీ డ్రైవర్‌కూ దూరం తగ్గుతుంది, చెంపకు ఆనుకునే తీరు మారుతుంది, దాంతో సౌండూ మారుతుంది. రెండోది మీ చెవి. పాత ఇయర్‌ఫోన్ బాస్‌కు అలవాటుపడ్డ చెవికి హెచ్‌డీ 600 మొదటిరోజు పల్చగా వినిపిస్తుంది. రెండు వారాలు అదే వింటే ఆ పల్చదనం పోతుంది. అప్పుడు పాతది పెట్టుకుంటే బొయ్యిమంటుంది.

కొన్ని కంపెనీలు మాన్యువల్‌లోనే ఇన్ని గంటలు వాయించమని రాస్తాయి. రాసి ఉంటే ఆ మాట పాటించండి, నష్టమేం లేదు. రాసి లేకపోతే ఎవరో చెప్పిన రెండొందల గంటలకు మీరు కట్టుబడనక్కర్లేదు.

కావలసినవి

- హెడ్‌ఫోన్, దాని బాక్స్, బిల్లు. సీరియల్ నంబర్ కనిపించేలా ఒక ఫొటో.
- ఇప్పటిదాకా మీరు వాడుతున్న పాత హెడ్‌ఫోన్ లేదా ఇయర్‌ఫోన్. మారకుండా ఉండే కొలబద్ద ఇదే, ఎవరికీ ఇచ్చేయకండి.
- ఫోన్ లేదా ల్యాప్‌టాప్, అవసరమైతే డ్యాక్ (డిజిటల్ ఫైలును సౌండ్ సిగ్నల్‌గా మార్చేది), ఆంప్ (ఆ సిగ్నల్‌ను పెంచేది).
- ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ఉచితం. టెస్ట్ టోన్లు దాంతోనే తయారవుతాయి.
- బాగా తెలిసిన పాటలు నాలుగైదు, డౌన్‌లోడ్ చేసినవి.
- ఒక పాత మోనో రికార్డింగు (రెండు చెవులకూ ఒకే సౌండ్ ఇచ్చేది). ఘంటసాల కాలం నాటి సినిమా పాట ఏదైనా సరే. ఒక్క షరతు, తర్వాత ఎవరో బీట్లు, ఎకోలు కలిపి స్టీరియో చేసినది కాకూడదు.
- స్టీల్ స్కేలు, కాగితం, పెన్ను.

మొదటి రోజు చేయాల్సినవి

1. బాక్స్ తెరిచేటప్పుడు వీడియో తీయండి. సీల్ కోయడం దగ్గర్నుంచి హెడ్‌ఫోన్ బయటికి వచ్చేదాకా ఒకే టేకులో ఉండాలి. ఆన్‌లైన్‌లో కొంటే రీప్లేస్‌మెంట్ అడిగినప్పుడు చాలామంది సెల్లర్లు ముందు అడిగేది ఇదే. రిటర్న్ గడువు ఎన్ని రోజులో, డబ్బు వాపసా లేక రీప్లేస్‌మెంట్ మాత్రమేనా చూసుకుని, ఆఖరు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. బాక్స్ లోపలి ఫోమ్ కూడా పారేయకండి.

అమెరికాలో ఉన్న తమ్ముడితోనో మరదలితోనో తెప్పించుకుంటున్నారా? అయితే వాళ్లు అక్కడ కొన్న రోజే బాక్స్ తెరిచి, కింద చెప్పిన 3 నుంచి 5 దాకా అక్కడే చేయాలి. సంక్రాంతికి వచ్చేటప్పుడు సీల్ తీయకుండా పట్టుకొస్తే, ఇక్కడ మీరు తెరిచేసరికి అక్కడి రిటర్న్ గడువు దాటిపోయి ఉంటుంది. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కూడా కొనకముందే కనుక్కోవాలి.

2. సౌండ్‌ను మార్చేవన్నీ ఆపేయండి. ఫోన్‌లో డాల్బీ అట్మాస్, ఈక్వలైజర్, బాస్ బూస్ట్. విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డాల్బీ ముందే ఆన్ చేసి ఉంటుంది. అది ఆన్‌లో ఉంచి "గొంతు దూరంగా, గుహలోంచి వస్తున్నట్టుంది" అని హెడ్‌ఫోన్‌ను తిట్టుకునేవాళ్లు బోలెడుమంది.

300 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కు ఎక్కువ ఓల్టేజీ కావాలి. ఫోన్‌కు చిన్న డాంగిల్ (ఛార్జింగ్ పోర్టుకు పెట్టి హెడ్‌ఫోన్ గుచ్చే కనెక్టర్) పెట్టి వాల్యూమ్ మొత్తం పెంచినా నీరసంగా ఉందంటే అది బర్న్-ఇన్ సమస్య కాదు, ఆంప్ సమస్య. ఆపిల్ డాంగిల్‌ను ఆండ్రాయిడ్ ఫోన్‌కు పెడితే చాలా ఫోన్లలో దాని పూర్తి సౌండ్ రాదు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. అదే డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

3. మోనో పాట పెట్టి కళ్లు మూసుకోండి. గొంతు సరిగ్గా తల మధ్యలో, ముక్కుకు సూటిగా ఉండాలి. మధ్యలో నిలవకుండా తలంతా పరుచుకుని, ఎక్కడుందో చెప్పలేకుండా ఉంటే ఒకవైపు వైర్లు తిరగబడి ఉండొచ్చు. గొంతు ఒక పక్కకు ఒరిగితే కంగారుపడకుండా ఈ వరసలో చూడండి:

   - ముందు వాల్యూమ్ నాబ్ చూడండి. నాబ్ తిప్పే ఆంపుల్లో మరీ మొదట్లో, గడియారంలో 7, 8 దగ్గర, ఎడమ కుడి సమానంగా రాకపోవడం మామూలే. గెయిన్ (ఆంప్ సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) తగ్గించి, నాబ్‌ను 10 దాటించి మళ్లీ వినండి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి.
   - తర్వాత హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకోండి, ఎడమ కప్పు కుడి చెవికి వచ్చేలా. అప్పుడూ గొంతు అదే చెవి వైపు ఒరిగితే తేడా మీ చెవిలో ఉంది. గులిమి, జలుబు, ఏదైనా కావచ్చు. చెవి చూపించుకోండి.
   - గొంతు రెండో చెవి వైపు జరిగితే తేడా హెడ్‌ఫోన్‌లోనో, కేబుల్‌లోనో, ఆంప్‌లోనో ఉంది. హెచ్‌డీ 600 లాగా రెండు కప్పులకూ కేబుల్ విడిగా ఊడేదైతే, ఎడమ ప్లగ్‌ను కుడికి, కుడిదాన్ని ఎడమకు పెట్టి, హెడ్‌ఫోన్‌ను మామూలుగా పెట్టుకుని వినండి. ఒరుగుడు పక్క మారితే కేబుల్ లేదా ఆంప్. మారకపోతే కప్పులోనే ఉంది, రిటర్న్ పెట్టండి. ప్లగ్‌ను పట్టుకుని తిన్నగా లాగాలి, వైరు పట్టుకుని కాదు.

4. గరగర ఉందేమో చూడండి. ఆడాసిటీలో జనరేట్ మెనూలో చర్ప్ ఎంచుకుని, మొదలు 20, చివర 1000 హెర్ట్జ్, ఆంప్లిట్యూడ్ రెండుచోట్లా 0.2, ఇంటర్‌పొలేషన్ లాగరిథమిక్, నిడివి 60 సెకన్లు పెట్టండి. ముందుగా వాల్యూమ్ బాగా తగ్గించి ప్లే చేసి, మెల్లగా మామూలు స్థాయికి తెండి. సన్నగా కింద నుంచి పైకి ఎక్కే ఒకే నాదం వినపడాలి. మధ్యలో ఎక్కడైనా ఈగ ముసిరినట్టు జిర్రుమంటే, ఏ కప్పులో, ఎన్నో సెకను దగ్గర అన్నది రాసుకోండి. రెండోసారీ అదే సెకను దగ్గర వస్తే లోపం నిజమే.

మొదట్లో 20 హెర్ట్జ్ దగ్గర ఏమీ వినపడకపోతే వాల్యూమ్ పెంచకండి. ఓపెన్-బ్యాక్‌లలో అంత కింద సౌండ్ తక్కువే ఉంటుంది. మీరు పెంచిన వాల్యూమే 200 హెర్ట్జ్ దగ్గరకొచ్చేసరికి చెవులు అదరగొడుతుంది. 10,000 పైన ఉండే టోన్లతో అయితే ఇంకా జాగ్రత్త. వయసు పెరిగేకొద్దీ పై శబ్దాలు వినపడటం తగ్గుతుంది. వినపడలేదని పెంచుకుంటూ పోతే డ్రైవర్‌కూ, చెవికీ రెండింటికీ దెబ్బ.

గరగరకు తరచూ కారణం వెంట్రుక. సన్నటి వెంట్రుక ముక్క జాలీలోంచి దూరి పొరకు తగిలితే అచ్చం డ్రైవర్ చెడిపోయినట్టే మోగుతుంది. ప్యాడ్ తీసి, లోపలి పల్చటి ఫోమ్ ముక్క ఎత్తి, టార్చి వెలుగులో చూడండి. పైకి కనిపిస్తే ట్వీజర్ కొసతో పట్టుకుని తీయొచ్చు. ప్లాస్టిక్ ట్వీజర్ వాడండి, ఇనుపదాన్ని డ్రైవర్ అయస్కాంతం చటుక్కున లాక్కుంటుంది. నోటితో ఊదడం, బ్లోయర్, వాక్యూమ్ క్లీనర్ వద్దే వద్దు. ఆ పొర అంత గాలికి తట్టుకోదు. పైకి కనపడకపోతే రిటర్న్ గడువులో ఉన్నంతవరకు విప్పకండి, పంపేయండి.

దీనికి తంబురా రికార్డింగు వాడకండి. శ్రుతి ఒకేలా సాగుతుంది కదా, టెస్టుకు బాగుంటుందని అనిపిస్తుంది. కానీ తంబురా జీవమే ఆ జుమ్మనే జీవాళి. దాంట్లో డ్రైవర్ గరగర కలిసిపోతే ఏది ఏదో తెలియదు. దానికన్నా మృదంగం తొప్పి (ఎడమ వైపు) మీద గుమకీలున్న తని ఆవర్తనం, అంటే మృదంగం సోలో, పెట్టండి. గుమ్మని ఊగి ఆగే ఆ నాదం వెనక చిన్న చిరచిరా ఉన్నా దొరికిపోతుంది.

5. కప్పులను చెవుల మీద మెల్లగా నొక్కి వదలండి. క్లోజ్‌డ్-బ్యాక్‌లలో (వెనక మూసి ఉండేవి), కొన్ని ప్లేనార్‌లలో (పొర బల్లపరుపుగా అయస్కాంతాల పక్కన ఉండేవి) గాలి ఒత్తిడికి పొర చిటుక్కుమనడం ఉంటుంది. గట్టిగా నొక్కినప్పుడు ఎప్పుడో ఒకసారి వస్తే పట్టించుకోనక్కర్లేదు. దవడ కదిపిన ప్రతిసారీ చిటచిటమని, ఆ తర్వాత ఆ వైపు సౌండ్ తగ్గుతోందంటే మాత్రం సెల్లర్‌కు రాయండి.

6. మొదటి రోజు నోట్సు రాయండి. ఆ నాలుగైదు పాటల్లో ఒక్కో చోటు ఎంచుకోండి. ఉదాహరణకు "1:20 దగ్గర వయొలిన్ పై స్థాయిలో గుచ్చుకుంటోంది", "పల్లవిలో బాస్ గిటార్ తెలియడం లేదు". వాల్యూమ్ నంబరు కూడా రాయాలి. తర్వాత అవే చోట్లు పాత ఇయర్‌ఫోన్‌తో విని, అది ఎలా ఉందో పక్కన రాయండి. "సౌండ్‌స్టేజ్ విశాలంగా ఉంది" లాంటి మాటలు రెండు వారాల తర్వాత ఎందుకూ పనికిరావు.

ప్యాడ్ పక్కన స్కేలు నిలబెట్టి పక్కనుంచి ఫొటో తీయండి. ఎన్ని మిల్లీమీటర్లు ఉందో కాగితం మీదా రాయండి. ఈ ఒక్క ఫొటో తర్వాత చాలా వాదనలకు జవాబు చెప్తుంది.

ఇప్పుడు బర్న్-ఇన్

ఇక్కడిదాకా అంతా సరిగ్గా ఉంటే మీ పని దాదాపు అయిపోయినట్టే. నా మాట అడిగితే, ఇక పెట్టుకుని పాటలు వినడమే. వింటుంటే ప్యాడ్లు అణుగుతాయి, బ్యాండ్ వదులవుతుంది, చెవీ అలవాటుపడుతుంది. టేబుల్ మీద పెట్టి రాత్రంతా మోగించినదాంట్లో ఈ మూడూ జరగవు. అయినా మనసు ఊరుకోదంటారా, ఇలా చేయండి.

7. పింక్ నాయిస్ ఫైలు చేసుకోండి. ఆడాసిటీలోనే జనరేట్, నాయిస్, పింక్, ఆంప్లిట్యూడ్ 0.3, నిడివి అరగంట. వైట్ నాయిస్ వద్దు, అందులో శక్తంతా పై శబ్దాల వైపే ఎక్కువ. పింక్‌లో ప్రతి స్థాయికీ, అంటే ప్రతి ఆక్టేవ్‌కూ, సమానంగా ఉంటుంది, సంగీతానికి దగ్గరగా. ఆ అరగంట ఫైలు తర్వాత రెండు గంటలు మామూలు పాటలు వచ్చేలా ప్లేలిస్టు పెట్టి రిపీట్‌లో వేయండి. పింక్ నాయిస్ వినడానికి బాగోదంటే వట్టి పాటలైనా సరే, పెద్ద తేడా ఏమీ రాదు.

8. వాల్యూమ్‌ను హెడ్‌ఫోన్ పెట్టుకునే సెట్ చేయండి. రోజూ వినేంత పెట్టుకుని, ఒక్క పిసరు పెంచి, తీసి టేబుల్ మీద పెట్టండి. టేబుల్ మీంచి వినపడేలా పెంచడం అందరూ చేసే తప్పు. అలా పెంచితే అది చెవికి పెట్టుకునే స్థాయికి ఎంతో పైన ఉంటుంది. ఆంప్ తన శక్తికి మించి సౌండ్ చీలిపోతే (క్లిప్ అయితే) డ్రైవర్ కాయిల్ కాలిపోవచ్చు. మరచిపోయి అలాగే తలకు పెట్టుకుంటే మీ చెవులకు ప్రమాదం.

ఎంత సౌండ్ ఎంతసేపు అన్నదానికి లెక్కలున్నాయి. పెద్దవాళ్లకు వారంలో 40 గంటలు వినాలంటే 80 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, పిల్లలకు 75. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ పనిచోట్లకు పెట్టిన పరిమితి ప్రకారం 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. అంటే 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. హెడ్‌ఫోన్ "ఓపెన్ అవ్వడానికి" సౌండ్ పెంచి వినమని ఎవరైనా సలహా ఇస్తే ఈ లెక్క చూపించండి.

9. ఫోన్‌తో వాయిస్తుంటే డూ నాట్ డిస్టర్బ్ పెట్టండి. రాత్రి రెండింటికి ఏదో కాల్ వస్తే రింగ్‌టోన్ ఫుల్ సౌండ్‌తో ఆ డ్రైవర్లలోకే వెళ్తుంది. ఉచిత స్ట్రీమింగ్ యాప్‌లూ వద్దు. మధ్యలో యాడ్లు అరుస్తాయి, డేటా తింటాయి, గంటకోసారి ఆగిపోతాయి. డౌన్‌లోడ్ చేసినవే వేయండి.

10. ఎక్కడ పెట్టాలి? ఓపెన్-బ్యాక్ అయితే గదంతా చికచికలాడుతుంది. ఉతికిన నూలు గుడ్డ మీద పెట్టి బీరువాలో ఉంచొచ్చు. టవల్ వద్దు, దాని నూగు జాలీలోకి పోతుంది. ఆంప్‌ను మాత్రం బీరువా బయటే, గాలి తగిలేచోట పెట్టండి. ట్యూబ్ ఆంప్ అయితే ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నిద్రపోయేటప్పుడు ఆన్‌లో వదలకండి. ట్యూబుల ఆయుష్షు గంటల్లో ఉంటుంది, దాన్ని టేబుల్‌కు వినిపించి ఖర్చు చేయడం దేనికి? బర్న్-ఇన్‌కు ఫోనో ల్యాప్‌టాపో చాలు.

కింద నేల మీదా, పనిముట్ల డబ్బా పక్కనా పెట్టకండి. డ్రైవర్లలో ఉండేవి బలమైన అయస్కాంతాలు. ఇనుప రజను దగ్గరలో ఉంటే లాక్కుంటాయి, ఒకసారి లోపలికి పోయిందంటే తీయడం నరకం.

11. ఎన్ని గంటలు? మాన్యువల్ చెప్తే అన్ని. చెప్పకపోతే 20, 30 గంటల దగ్గర ఆపేయండి. నాలుగు గంటలు వాయించి గంట చల్లార్చాలని కొందరు చెప్పే పద్ధతికి మామూలు వాల్యూమ్‌లో అర్థం లేదు, అక్కడ వేడెక్కేదేమీ ఉండదు. ప్లేనార్ అయినా, హెచ్‌డీ 600 లాంటి డైనమిక్ (పొరకు కాయిల్ అంటించిన రకం) అయినా ఇంతే. రిటర్న్ గడువు 7 రోజులే ఉంటే, గంటలు పూర్తయినా కాకపోయినా ఐదో రోజుకల్లా ఉంచుకోవాలా పంపేయాలా తేల్చుకోండి.

క్లాంప్ (తలను నొక్కే బిగుతు), ప్యాడ్లు: అసలు బ్రేక్-ఇన్ ఇక్కడే

12. హెచ్‌డీ 600 కొత్తలో గంటసేపు పెట్టుకుంటే దవడ కీలు దగ్గర నొప్పి పుడుతుంది. కళ్లజోడు ఉంటే చెవి వెనక కమ్మీ గుచ్చుకుంటుంది. వదులు చేయడానికి మంచి మార్గం ఒక పెట్టె. తలకన్నా కాస్తే ఎక్కువ వెడల్పున్న పెట్టె లేదా పుస్తకాల దొంతర తీసుకుని, ప్యాడ్లు బల్లపరుపుగా ఆనేలా హెడ్‌ఫోన్‌ను దానికి తొడిగి ఒక రాత్రి ఉంచండి. పొద్దున పెట్టుకుని చూడండి. చాలకపోతే మరో రాత్రి. ఒకేసారి బాగా వెడల్పైన పెట్టెకు తొడిగి వారం వదిలేస్తే బ్యాండ్ మరీ వదులైపోతుంది, ప్యాడ్ కింది అంచు చెంపకు ఆనదు, బాస్ పోతుంది. బిగించడం వదులు చేసినంత తేలిక కాదు.

రెండో మార్గం, స్లైడర్లు పూర్తిగా బయటికి లాగి, కనిపించే ఆ లోహపు పట్టీని రెండు చేతులతో పట్టుకుని కొద్దికొద్దిగా బయటికి వంచడం. హెచ్‌డీ 600, 650 వాడేవాళ్లలో చాలామంది చేస్తారు. రెండు వైపులా ఒకే మోతాదులో వంచాలి. బ్యాండ్ ప్లాస్టిక్‌దైతే ఈ పని చేయకండి, పుటుక్కుమంటుంది.

13. ప్యాడ్లకు వారం పది రోజులు తలే మంచి అచ్చు. రోజూ గంటో రెండు గంటలో పెట్టుకుంటే మీ చెంప ఆకారానికి అణుగుతాయి. తలకు నూనె పెట్టుకున్న రోజు పెట్టుకోకండి. కొబ్బరినూనె వెల్వెట్ ప్యాడ్లలోకి ఇంకితే వాసన పోదు. రెక్సిన్ లాంటి ప్యాడ్లయితే నూనె, చెమట కలిసి పై పొర పొట్టు రాలుతుంది. విశాఖ, కాకినాడ వైపు ఉక్కపోతలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. విన్నాక పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఆరనిచ్చి, బాక్సులో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి.

కళ్లజోడు మందపాటి ఫ్రేమ్‌దైతే ఒకసారి జోడు తీసి వినండి. క్లోజ్‌డ్-బ్యాక్‌లో బాస్ ఒక్కసారిగా పెరిగితే, మీరు ఇన్నాళ్లూ బర్న్-ఇన్ కాలేదనుకున్నది నిజానికి కమ్మీ దగ్గర ప్యాడ్ సందులోంచి గాలి పోవడమే. సన్న కమ్మీల ఫ్రేము, లేదా మెత్తటి ప్యాడ్లు దానికి మందు.

ఫలితం ఎలా చూసుకోవాలి

రెండు వారాల తర్వాత మొదటి రోజు కాగితం తెరవకుండా, అవే పాటలు, అవే చోట్లు, అదే వాల్యూమ్ నంబరు పెట్టి కొత్త కాగితం మీద రాయండి. పాత ఇయర్‌ఫోన్‌తోనూ విని దాని గురించీ రాయండి. తర్వాతే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాలి.

కొత్తది మెత్తబడింది, పాతది మొదటి రోజులాగే ఉంది అని వస్తే హెడ్‌ఫోన్‌లోనో ప్యాడ్లలోనో ఏదో మారింది. ప్యాడ్ ఫొటో మళ్లీ తీసి పోల్చండి, చాలాసార్లు మిల్లీమీటర్లలోనే జవాబు దొరుకుతుంది. కొత్తది బాగుంది, పాతది మాత్రం ఇప్పుడు బొత్తిగా బాగోలేదు అని రాశారనుకోండి. పాతదానికి బర్న్-ఇన్ ఎవరూ చేయలేదు కదా, మారింది మీ చెవే. ఎక్కువమందికి ఇదే వస్తుంది. దాంట్లో చిన్నతనమేం లేదు, మీ డబ్బుకు ఫలితం దక్కినట్టే.

మైకు, సౌండ్ కొలిచే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్ ఉండి గ్రాఫ్ తీయాలనుకునేవాళ్లకు ఒక మాట. మొదటి రోజే హెడ్‌ఫోన్‌ను తీసి పెట్టి, తీసి పెట్టి ఐదుసార్లు కొలవండి. ఆ ఐదు గీతలే ఒకదానితో ఒకటి కలవవు. రెండు వారాల తర్వాత వచ్చిన గీత ఆ ఐదింటి మధ్యలోనే పడితే, బర్న్-ఇన్ కనపడిందని ఎవరికీ పంపకండి.

పోల్చేటప్పుడు రెండింటి సౌండూ సమానంగా ఉండాలి. కాస్త ఎక్కువ సౌండ్‌లో ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. ఆంప్ మార్చి, కేబుల్ మార్చి, అదే వారం ప్యాడ్లూ మార్చి, "ఎనభై గంటలకు విచ్చుకుంది" అనేవాళ్లతో వాదించి లాభం లేదు.

వైర్‌లెస్, ఇయర్‌ఫోన్ల సంగతి

వైర్‌లెస్ హెడ్‌ఫోన్‌కు గంటల తరబడి బర్న్-ఇన్ చేయకండి. ప్రతి ఛార్జింగూ బ్యాటరీ ఆయుష్షులోంచే పోతుంది. వాటి సౌండ్‌ను లోపలి చిప్ తీర్చిదిద్దుతుంది కాబట్టి, తేడా కావాలంటే ఫర్మ్‌వేర్ అప్‌డేట్, యాప్‌లో ఈక్వలైజర్ చూడండి. అప్‌డేట్ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నోట్సు రాసుకుంటే చాలు.

చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్లకు, ముఖ్యంగా బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే చిన్న రకం డ్రైవర్ ఉన్నవాటికి, బర్న్-ఇన్ మాటే అనవసరం. అక్కడ అంతా టిప్స్‌లోనే, అంటే చెవిలోకి వెళ్లే మెత్తటి తొడుగుల్లోనే ఉంది. బాక్సులో వచ్చిన మూడు సైజులూ పెట్టి చూడండి, రెండు చెవులకు రెండు సైజులు పట్టినా ఆశ్చర్యపోకండి. బాస్ పాట పెట్టి, ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు బాస్ పెరిగి, వదిలితే తగ్గుతోందంటే మీ టిప్ చిన్నది. ఒక సైజు పెద్దది వేసి మళ్లీ నొక్కి చూడండి, నొక్కినా వదిలినా ఒకేలా ఉండేదాకా.